సంచిలో తప్పు లేదు

మెర్లిన్ పోయిన బుధవారం నాడు ముందుగా దొరికింది సంచి. మనిషి మర్నాడు దొరికింది.

బడిలో పిల్లలు మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నారు. పొద్దుటినుంచి వాన విడవకుండా పడుతోంది. చూరునీళ్ళు అన్నం గిన్నెలోకి చిందుతున్నాయని వంటమనిషి గిన్నెను గోడవైపు జరుపుతుంటే, సుజానా టీచరు రెండో పక్క పిడి పట్టుకుని సాయం చేస్తోంది. అప్పుడే గాసి మెట్లెక్కి వచ్చాడు. నడుముదాకా బురద. నెత్తిమీద మెర్లిన్ సంచి. పిల్లల వరసకి ఎడంగా, తడి లేనిచోటు చూసుకుని దాన్ని దించి, పక్కనే చతికిలబడ్డాడు.

సంచి నడుం పట్టీ విప్పి ఉంది. ఛాతీ పట్టీ విప్పి ఉంది. పైమూత మాత్రం బిగించింది బిగించినట్టే ఉంది. సుజానా ముందు పట్టీలను చూసింది. ఆ తర్వాత గాసి ముఖం చూసింది.

“నా సెయ్యి వట్టుకునే ఉంది టీచరమ్మా,” అన్నాడు గాసి. “పైనెక్కడో వాన కొట్టీసినట్టుంది, నీరు ఒక్కపాలి దిగిపోనాది. సంచి తేలింది. సిస్టరమ్మ తేలనేదు.”

గాసిది పాలగెడ్డ అనే కొండవాగుకి అవతల కొండమీద ఉన్న ఈతగరువు. కోడలు బేబి తొలిచూలు కొడుకుని కన్నది. పిల్లవాడికి ఆరువారాల టీకా వెయ్యాల్సిన బుధవారం అది. నర్సమ్మని గెడ్డ దాటించి తీసుకుపోదామని పొద్దున్నే నీరు తక్కువగా ఉన్నప్పుడు ఇవతలికి వచ్చాడు. చేతికర్ర పట్టుకుని తాను ముందు, తన చెయ్యి పట్టుకుని మెర్లిన్ వెనక. అంతవరకే అతనికి తెలుసు. తర్వాతది గెడ్డకి తెలుసు.

గురువారం పొద్దు వాలకముందు బాగా దిగువన, వెదురుపొద వేళ్ళ దగ్గర మెర్లిన్ దొరికింది. శుక్రవారం మిషను సమాధుల తోటలో, తల్లి పక్కన పాతిపెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సోమవారం సుజానా బడి తెరిచి హాజరు పిలిచింది. పిల్లలు ఎన్నడూ లేనంత మెల్లగా పలికారు. ఆమె వాళ్ళని గట్టిగా పలకమంది.

మెర్లిన్ ఆమెకి చెల్లెలు, వయసులో బాగా చిన్నది. తల్లి పోయాక అక్క చేతిమీదే పెరిగింది. సుజానా గుమ్మిపాడు బడిలో టీచరైతే, మెర్లిన్ అదే ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సయింది. చుట్టుపక్కల కొండలమీద వాళ్ళకి ఒకతె టీచరమ్మ, ఇంకొకతె సిస్టరమ్మ. బడి వెనక రెండుగదుల ఇంట్లో ఇద్దరూ ఉండేవారు. ఇప్పుడు అందులో ఒక మనిషీ, ఒక సంచీ ఉన్నారు.

ఆ సంచిని మెర్లిన్ తనంతట తాను కొనుక్కుంది. అంతకుముందు ఆఫీసువాళ్ళు ఇచ్చిన నీలంగుడ్డ సంచి ఒకటి ఉండేది. మొదటి వానకి దాని జిప్పు తుప్పుపట్టింది, రెండో వానకి అడుగు కుట్టు ఊడింది. మాత్రలు నాని పిండైపోయేవి. టీకామందుల ఐసుపెట్టె అందులో పట్టదు గనక దాన్ని విడిగా భుజానికి వేలాడదీసుకోవాలి. ఒక భుజాన పెట్టె, ఒక భుజాన సంచి, ఒక చేతిలో గొడుగు. కాలు జారితే చెట్టుకొమ్మ పట్టుకోడానికి ఇంకో చెయ్యి కావాలి, అది దేవుడు ఇవ్వలేదు అనేది మెర్లిన్.

అందుకని వేసవి సెలవుల్లో, సాయంత్రాలు, బడి నీళ్ళట్యాంకు పక్కన రాయిమీద కూర్చుని ఫోనులో సంచులు వెతికింది. ఊళ్ళో సిగ్నలు వచ్చేది ఆ రాయిమీదే. సైనికులు వీపున వేసుకునే రకం సంచులు, మందపాటి నైలాను గుడ్డతో, చుట్టూ పట్టీలతో ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి పైకి జరుపుతూ, కింద రాసినవన్నీ సుజానాకి చదివి వినిపించేది. అక్కని అప్పా అనే పిలిచేది.

“ఒకరోజు ప్రయాణాలకీ, ఆపద సమయాలకీ అని రాసినాడు అప్పా. ఆపద సమయమంటే ఏటి? మనకైతే బుధవారం, శనివారం.”

బుధవారం, శనివారం టీకాల రోజులు.

ఇంకోదాన్ని చూపించి, దీనికున్నన్ని జేబులు మనూళ్ళో మొగోళ్ళందరికీ కలిపినా లేవంది. ఏ జేబులో ఏం పెట్టానో మర్చిపోతే పురుడు అయిపోయాక కత్తెర దొరుకుతుందంది. ఆకులు మచ్చలు మచ్చలుగా అచ్చువేసిన పచ్చసంచి మెర్లిన్‌కి బాగా నచ్చింది. సుజానా వద్దంది. ఇప్పుడు మునుపటంత భయం లేకపోయినా, ఆ రంగు సంచి వీపున వేసుకుని అడవిలో నడిస్తే పోలీసులు ఆపి ఒక ప్రశ్న అడుగుతారు, లోపలి దళంవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఇంకో ప్రశ్న అడుగుతారు, జవాబులు చెప్పేసరికి పెట్టెలో ఐసు కరిగిపోతుంది. మెర్లిన్ ఒప్పుకుంది. మట్టిరంగుది ఎంచింది. ఎంచేముందు ఐసుపెట్టె కొలతలు బడి స్కేలుతో తీసి, సంచి కొలతల పక్కన పెట్టి చూసింది. పెట్టె మొత్తంగా లోపల కూర్చోవాలి, పైన మందుల డబ్బాకి చోటుండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఆమెకి కావలసిందల్లా అంతే.

గూడెం కొత్తవీధి దాకా వచ్చిన పార్సిలుని బస్సు కండక్టరు తెచ్చి ఇచ్చాడు. మెర్లిన్ ఆ సాయంత్రమే దాన్ని బియ్యంతో కూరి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి, దూలానికి వేలాడదీసింది. పొద్దున్న దించి భుజం పట్టీల మొదలు వేలితో తడిమి, ఒక్క దారం కూడా జరగలేదని తేల్చింది. తర్వాత లోపల పాతకాగితాలు పెట్టి మూత బిగించి, బిందెలకు బిందెలు నీళ్ళు కుమ్మరించింది. కాగితాలు పొడిగా వచ్చాయి. సంచిని పరీక్షకి కూర్చోబెట్టావటే గుంటా అని సుజానా నవ్వితే, నీ బడిపిల్లలకన్నా నయమప్పా, ఇది పాసయింది అంది. ఆఖరున సుజానా పాత ఎర్రజాకెట్టులోంచి అరచేతంత ముక్క కత్తిరించి సంచి వెనక కుట్టింది. కొండమీంచి చూసేవాళ్ళకి సిస్టరమ్మ వస్తోందని దూరాన్నుంచే తెలియాలి.

ఛాతీమీదా, నడుంమీదా బిగించుకునే పట్టీల గురించి మాత్రం ఇద్దరూ కాస్త ఆలోచించారు. గెడ్డకి ముడి చూపకూడదని ఆ కొండలమీద మాట. నీళ్ళలోకి దిగేముందు ఒంటిమీద ముడి అన్నది ఉండకూడదు. కావిడితాడు సడలిస్తారు, తలగుడ్డ విప్పి భుజాన వేసుకుంటారు, ఆడవాళ్ళు కొప్పు కూడా విప్పేస్తారు. మూట ఏదైనా నెత్తిన పెట్టుకోవాలి తప్ప కట్టుకోకూడదు. ముడి చూస్తే గెడ్డమ్మ అది తనకి కట్టిన కానుక అనుకుని తీసేసుకుంటుందట. మిషను ఇళ్ళలో పెరిగినవాళ్ళు అలాంటివి పాటించడమేమిటని పాస్టరుగారు ఒకసారి అడిగారు. ముడి విప్పితే యేసయ్యకి కోపం రాదండి, విప్పకపోతే గెడ్డకి వస్తుంది అని మెర్లిన్ చెప్పింది. పాలగెడ్డ ఒడ్డుకి వెళ్ళిన ప్రతిసారీ ఛాతీ బొత్తం, నడుం బొత్తం విప్పి, జడకి పెట్టిన రబ్బరుబ్యాండు కూడా తీసి చేతికి వేసుకుని, అప్పుడే దిగేది. ఆ బుధవారం కూడా విప్పింది. గాసి చూశాడు. వరండాలో సంచి దించినప్పుడు సుజానా కూడా చూసింది.

పదకొండో రోజున ఉపకేంద్రం ముందు సంతాపసభ పెట్టారు. షామియానా వేశారు. ఏజెన్సీ పనులు చూసే పెద్దాఫీసు నుంచి రవిబాబు అనే అధికారి వచ్చాడు. మెర్లిన్ ఫోటోకి దండ వేసి, చెప్పులు విప్పి నిలబడి, మంచిగానే మాట్లాడాడు. ఈ కొండల్లో అలాంటి పిల్ల మళ్ళీ దొరకదన్నాడు. ఆ తర్వాత, ముందు వరసలో కూర్చున్న సుజానా వైపు తిరిగి, “సరైన సంచి లేక ఒక మంచి నర్సుని పోగొట్టుకున్నాం. మన నర్సులు పాత సంచులతో, విప్పరాని పట్టీలతో గెడ్డలు దాటుతున్నారు. ఇకమీదట అలా జరగనివ్వం,” అన్నాడు.

అందరూ తలలూపారు. సుజానా ఊపలేదు.

ఆమె రెండో తరగతికి వాక్యాలు నేర్పుతుంది. ఏది లేక ఏమయిందో చెప్పే వాక్యాలు ఆ తరగతిలోనే వస్తాయి. వాన లేక పంట ఎండింది. నూనె లేక దీపం ఆరింది. ‘లేక’ ముందు ఏ మాట పెడితే తప్పంతా దానిమీద పడుతుందని పిల్లలకి వేళ్ళమీద చూపిస్తుంది. పీట వేసుకుని కూర్చున్న ఆ పిల్లలకి అర్థమైన సంగతి చదువుకున్న మనిషికి తెలియదనుకోలేదు. తెలిసే ‘సంచి’ అన్న మాటను అక్కడ పెట్టాడు. పెట్టాల్సిన మాట గెడ్డ ఒడ్డునే ఉంది. వంతెన మంజూరైందని చెప్పే రేకుబోర్డు అక్కడ ఎన్నో వానాకాలాలుగా నిలబడి ఉంది. అక్షరాలు తుప్పులో కలిసిపోయాయి. మేకలు దానికి వీపులు రుద్దుకుంటాయి, ఆడవాళ్ళు గొంగళ్ళు ఆరేస్తారు. దాటడానికి దానివల్ల ఒరిగింది ఏమీ లేదు.

ఆ రోజు నుంచి సుజానాకి కోపం వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట కూడా కోపమే వచ్చింది. అది అరిచే కోపం కాదు గనక ఎవరికీ కనబడలేదు. బోర్డుమీద రాస్తుంటే సుద్దముక్కలు విరిగిపోయేవి. ఆమె విరిగిన ముక్కతోనే రాసేది. మెర్లిన్ సంచిని బురద పోయేదాకా కడిగి నీడలో ఆరబెట్టింది. లోపలి ఐసుపెట్టెను తుడిచి మళ్ళీ అందులోనే పెట్టింది. మందు సీసాలను ఉపకేంద్రంవాళ్ళు తీసుకుపోయారు. ఒక్కటీ పగల్లేదు, ఒక్కదానిమీద చీటీ తడవలేదు.

శ్రావణం దాటాక, మెర్లిన్ మీద సూపర్‌వైజరుగా ఉండే రాజకుమారి ఒక ఆదివారం మిషను గుడి విడిచాక ఇంటికి వచ్చింది. టీ తాగింది. చుట్టూ తిప్పి అసలు మాటకి వచ్చింది. కొండల్లో తిరిగే నర్సులందరికీ మంచి గట్టి సంచులు ఇస్తున్నారట, ఒకరోజు ప్రయాణాలకీ ఆపదకీ పనికొచ్చేవి. ఎంచడానికి ఒక కమిటీ వేశారట. అందులో సుజానా ఉండాలని రవిబాబుగారు పట్టుబట్టారట.

“నన్నెందుకమ్మా? నేను నర్సుని కాను.”

“నువ్వు ఎంచితే దానికో విలువుంటాదని సుజానమ్మా.” రాజకుమారి గ్లాసు కింద పెట్టింది. “పేరు కూడా మంచిది పెడతన్నారు. మెర్లిన్ కిట్టు అని.”

ప్రతి సంచిమీదా ఆ పేరు అచ్చు వేయిస్తారని, అది చూసినప్పుడల్లా మెర్లిన్ జ్ఞాపకం వస్తుందని రాజకుమారి చెప్పుకుపోయింది. సుజానా చెవికి అదంతా వేరేగా వినబడుతోంది. ఆ పేరు పడిన ప్రతి సంచీ, కొండ కొండకీ తిరిగి, ఈమె మంచి సంచి లేక పోయింది అని చెబుతుంది. పట్టీ విప్పుకోవడం తెలియని పిల్ల అని చెబుతుంది. అక్క చేతులమీదుగా సంచి ఇచ్చేశాం, ఇక ఆ సంగతి ముగిసింది అని చెబుతుంది. ఆ తర్వాత గెడ్డ గురించి అడిగేవాళ్ళు ఉండరు. అడిగినా, దానికి సంచి ఇచ్చాం కదా అంటారు.

“వంతెన సంగతేటన్నారు?” అని అడిగింది.

రాజకుమారి నిట్టూర్చి, అది వేరే డిపార్టుమెంటు అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. మెర్లిన్‌ని పెట్టెలో పడుకోబెట్టినప్పుడు తన కొత్త చీర తెచ్చి కప్పింది. అందుకే సుజానా ఆమెమీద కోపం చూపించలేదు. వస్తానని చెప్పింది.

భాద్రపదం వానల్లో, మండల కేంద్రంలోని ఒక హాల్లో ఆ సమావేశం జరిగింది. సుజానా మెర్లిన్ సంచి వీపున వేసుకునే వెళ్ళింది. దాన్ని అందరిముందు బల్లమీద పెట్టి, చెప్పాల్సిన మాట చెప్పి, వచ్చేద్దామనుకుంది. కానీ రవిబాబు ఇంకా రాలేదు. వరసగా వేసిన బల్లలమీద నమూనా సంచులు పరిచి ఉన్నాయి, నల్లవి, పచ్చవి, మట్టిరంగువి. కొండల్లోంచి దిగివచ్చిన నర్సులు వాటి చుట్టూ నిలబడి ఉన్నారు, ఎవరూ ముట్టుకోవడం లేదు. సుజానా తన వీపు మీది సంచిని తీసి వరస చివర ఖాళీగా ఉన్న చోట పెట్టింది.

వాటిని చూడకూడదనుకుంది. చూడకుండా ఉండలేకపోయింది. ఎవరైనా పలక చేతికిస్తే తప్పులు దిద్దకుండా తిరిగి ఇవ్వడం ఆమెకి చేతకాదు. మొదటి సంచి భుజం పట్టీ మొదలు పట్టుకుని గుంజింది. పైకి ఎంతో గట్టిగా కనిపిస్తోంది కానీ లోపల ఒక్క వరస కుట్టే ఉంది. రెండోదానికి చుట్టూ కొక్కేలూ, ఉచ్చులూ ఉన్నాయి. ముళ్ళపొదల్లోంచి నడిస్తే ప్రతి ముల్లూ దాన్ని పట్టుకుని ఆపుతుంది. మరోదాని నోరు ఐసుపెట్టె పట్టనంత ఇరుకు. నల్లది ఒకటి బాగానే ఉంది. దాని బొత్తాల మీద సీసాలో నీళ్ళు పోసి, చేతులు కూడా తడుపుకుని విప్పి చూసింది. జారిపోయాయి. పక్కనున్న నర్సులను విప్పమంది. వాళ్ళకీ జారాయి. దాన్ని పక్కకి నెట్టింది.

చిన్నవయసు నర్సు ఒకతె, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, ఆమె వెనకే నడుస్తూ వచ్చింది. “మీకు కోపంగా ఉందని తెల్సు మేడమ్,” అంది గొంతు తగ్గించి. “అయినా మాకేది మంచిదో సెప్పండి. రేపు మేమే కదా మొయ్యాలి.”

ఆ పిల్ల పేరు రత్నాలు. గుమ్మిపాడు ఉపకేంద్రంలో మెర్లిన్ ఖాళీలోకి ఆమెనే వేశారని సుజానాకి అప్పుడు తెలిసింది.

ఇంతలో రవిబాబు వచ్చాడు. ఆలస్యానికి అందరికీ నమస్కారం పెట్టి, సుజానాకి ప్రత్యేకంగా పెట్టి, బల్లల వెంట నడిచాడు. ఒక్కొక్కటే ఎత్తి దించాడు. చివరికి వచ్చి, వరస చివరన ఉన్నదాన్ని ఎత్తి, ఆగాడు. లోపలి గుడ్డ తడిమాడు. పట్టీలు లాగి చూశాడు. కోటు విప్పి రాజకుమారి చేతికిచ్చి, ఆ సంచిని వీపున వేసుకుని, ఛాతీ బొత్తం, నడుం బొత్తం టక్కుటక్కున బిగించి అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు.

“ఇదేనండీ. దీన్నిమించింది వీటిలో లేదు,” అన్నాడు. “బరువే తెలియడం లేదు. పెట్టె కూడా లోపల సరిగ్గా కూర్చుంది. వెనక ఎర్రగుర్తు చూశారా, అడవిలో ఎంత దూరం నుంచైనా కనబడుతుంది. ఎవరో బాగా ఆలోచించి చేశారు.”

రాజకుమారి కోటు పట్టుకుని నేలచూపులు చూస్తోంది.

“అవునండి,” అంది సుజానా. “ఆలోచించే చేసింది. అది మా చెల్లెలి సంచి. ఆ రోజు వీపున ఉన్నది అదే.”

రవిబాబు చేతులు ఛాతీమీది బొత్తం దగ్గరికి వెళ్ళాయి. దాన్ని లాగాడు, తిప్పాడు, అది రాలేదు. మళ్ళీ లాగాడు. మొహం ఎర్రబడింది. సుజానా దగ్గరికి వెళ్ళి నిలబడింది. తనకి తమ్ముడుంటే ఆ వయసువాడే. మెడ దగ్గర చెమట పట్టింది.

“లాగకూడదండి. రెండు పక్కలా నొక్కాలి.” ఒక్క చేత్తో నొక్కింది. ఊడింది. నడుం బొత్తం కూడా నొక్కింది. “తడిచేత్తో అయినా వస్తుంది. మీరు విప్పరాని పట్టీలన్నారు. మా చెల్లెలు గెడ్డలో దిగేముందే రెండూ విప్పుకుంది. చూసిన మనిషి ఉన్నాడు.”

అతను సంచిని వీపునుంచి తీసి చేతుల్లో పట్టుకున్నాడు. కింద పెట్టాలో, ఆమెకి ఇవ్వాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

“అందులో మందు తడవలేదు,” అంది సుజానా. “సీసా పగల్లేదు. కుట్టు జరగలేదు. మీరే వేసుకుని చూశారు, మీరే మెచ్చుకున్నారు. ఆ రోజు షామియానా కింద సరైన సంచి లేక అన్నారు. అది తప్పు వాక్యం. సంచి ఉంది. లేనిదేదో ఆ మాట పెట్టి, సరిచేసి, వీళ్ళందరూ వినేలా ఒక్కసారి చెప్పండి.”

బడిలో తప్పు రాసిన పిల్లవాడితో కూడా ఆమె అంత మెల్లగానే మాట్లాడుతుంది. గొంతు పెంచనందుకు ఆ మాట ఇంకా దూరం వెళ్ళింది. గోడ దగ్గరికి వెళ్ళి కూర్చున్న నర్సులు కూడా లేచి నిలబడ్డారు.

“వంతెన నా చేతిలో లేదమ్మా,” అన్నాడు రవిబాబు. నిజమే చెప్పాడు. గొంతులో పొగరు లేదు. “అడిగాను. మీరు నమ్మకపోవచ్చు, రెండుసార్లు అడిగాను. నా చేతిలో ఉన్నది ఇదొక్కటే.”

“మీ చేతిలో ఉన్నదాంట్లో తప్పు లేదని చెప్పండి. అదైనా చాలు.”

అతను నర్సులవైపు చూశాడు. తలుపు దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డ ఆఫీసు మనిషివైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఒక్క క్షణం చెబుతాడనే అనిపించింది. తర్వాత టీలు వచ్చాయని, తాగి కూర్చుని మాట్లాడుకుందామని అన్నాడు. సంచిని జాగ్రత్తగా, పసిపిల్లని దించినట్టు బల్లమీద పెట్టాడు. అంత జాగ్రత్త చూసి సుజానాకి ఒళ్ళు మండిపోయింది. సంచికి చూపించే మర్యాదలో సగం నోటికి వచ్చి ఉంటే ఆ వాక్యం పూర్తయ్యేది.

ఆమె టీ తాగలేదు. మెర్లిన్ పేరు ఏ సంచిమీదా వెయ్యడానికి తాను ఒప్పుకోవడం లేదని, వేస్తే ప్రతి ఊరికీ వెళ్ళి సంగతేమిటో చెబుతానని రాజకుమారికి చెప్పింది. తర్వాత రత్నాలుని పిలిచి, మెర్లిన్ మట్టిరంగు సంచిని ఆమె వీపున వేసి, బొత్తాలు ఎలా నొక్కాలో చూపించింది. అందరికీ ఈ రకమే తెప్పించమంది. ఎంత కోపమున్నా చెడ్డ సంచి ఎంచలేకపోయింది. మొయ్యబోయేది రవిబాబు కాదు.

ఆశ్వయుజంలో సంచులు వచ్చాయి. మట్టిరంగువే. మెర్లిన్ పేరు వెయ్యలేదు. కానీ పంచిపెట్టిన రోజున ఆఫీసువాళ్ళు పేపరువాళ్ళకి చెప్పిన మాట మర్నాడు అచ్చయింది: గెడ్డలో కొట్టుకుపోయిన నర్సు అక్కగారు స్వయంగా పరీక్షించి ఎంపిక చేసిన సంచులు, ఇకపై కొండల్లో ప్రయాణం భద్రం. వంటమనిషి ఆ పేపరులో పకోడీలు చుట్టి తెచ్చింది. సుజానా నూనెమరకల మధ్య ఆ వార్త చదివి, పకోడీలు పిల్లలకి పంచి, కాగితం పొయ్యిలో పెట్టమంది. పేరు వద్దంటే, అక్క అన్న వరసని వాడుకున్నారు. దాన్ని వద్దనడానికి లేదు. అది ఇంకా ఆమెదే.

ఆ తర్వాతి బుధవారం రత్నాలు బడికి వచ్చి, ఈతగరువు వెళ్ళాలి, గెడ్డదాకా తోడు రమ్మంది. ఒంటరిగా ఆ ఒడ్డుకి వెళ్ళాలంటే భయంగా ఉందని దాచుకోకుండా చెప్పింది. సుజానా పిల్లలను వంటమనిషికి అప్పగించి బయల్దేరింది. వాన వెలిసి కాస్త ఎండ కాస్తోంది. కాఫీతోటల్లోంచి నడుస్తుంటే ముందు వెళ్తున్న రత్నాలు వీపున సంచి కొత్తగా, బిర్రుగా ఉంది. దానిమీద ఎర్రగుడ్డ ముక్క లేదు.

పాలగెడ్డ రేకుబోర్డు కాళ్ళదాకా వచ్చి ఉంది. నీరు ఎర్రగా, చెట్టుకొమ్మలను దొర్లించుకుంటూ పోతోంది. అవతల ఒడ్డున గాసి కర్ర పట్టుకుని ఉన్నాడు. పక్కన బేబి, పిల్లవాడిని గుడ్డలో చుట్టి పొత్తిళ్ళలో పట్టుకుని ఉంది. వాళ్ళు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో.

రత్నాలు నడుం బొత్తం నొక్కింది. ఛాతీ బొత్తం నొక్కింది. కొప్పు విప్పింది. ముడి సంగతి ఆమెకి ఎవరు చెప్పారో సుజానా అడగలేదు. ఆ పిల్ల చెప్పులు తీసి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, రాయిమీద కాలు పెట్టింది.

“దిగకు,” అంది సుజానా.

“మందు పాడవుద్ది టీచరమ్మా. పిల్లడికి ఇప్పటికే శానా ఆలీసమైపోనాది.”

“తెలుసు. దిగకు.”

“సంచి బావుంది కదా. మీరే కదా ఎంచినారు.”

ఆ మాటకి జవాబు సుజానా దగ్గర ఉంది, కానీ ఆ పిల్లకి చెప్పాల్సింది కాదు. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. పట్టు గట్టిగా పడింది, మణికట్టు నొప్పి పుట్టి రత్నాలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వదల్లేదు. అవతల గాసి నీళ్ళలోకి ఒక అడుగు వేశాడు. సుజానా రెండో చెయ్యి ఎత్తి అడ్డంగా ఊపింది. అతను ఆగి, కర్రతో లోతు చూసి, వెనక్కి ఎక్కాడు. నీళ్ళ హోరులో మాటలు వినబడవు గనక బేబి పిల్లవాడి మొహంమీది గుడ్డ తొలగించి, ఇవతలివాళ్ళకి కనబడేలా కాస్త పైకెత్తింది. నల్లటి చిన్నతల ఒకటి ఎండలో కదిలింది. ఆ తర్వాత గుడ్డ కప్పి, మామ వెంట కొండెక్కిపోయింది.

రత్నాలు సంచి మళ్ళీ వీపున వేసుకుంది. ఇద్దరూ వచ్చిన దారినే బడికి వచ్చారు. మందులు పాడవకుండా పెద్ద ఆస్పత్రికి తిప్పి పంపారు.

పాలగెడ్డమీద వంతెన పని మొదలుకాలేదు. బేబి కొడుక్కి ఆరువారాల టీకా ఇంకా వెయ్యలేదు.